అక్వేరియంలో అనుకోకుండా నత్తలు వస్తే ఏం చేయాలి?

కొళత్తూరు రంగుచేపల మార్కెట్‌కు వెళ్లి నాలుగు మొక్కలు తెచ్చి ట్యాంకులో నాటాక, కొన్ని వారాలకు అద్దం మీద ఆవగింజంత నత్తలు పాకుతూ కనిపించడం చెన్నైలో చేపలు పెంచేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. టెన్షన్ పడకండి. అవి చేపల్ని ఏమీ చేయవు, ఆరోగ్యంగా ఉన్న మొక్కల జోలికి పెద్దగా పోవు, కుళ్లిన ఆకులు, పాచి, చేపలు వదిలేసిన మేత తింటాయి. వాటి సంఖ్య పెరుగుతోందంటే ట్యాంకులో తిండి మిగిలిపోతోందని అర్థం, అసలు వైద్యం అక్కడే మొదలవ్వాలి.

అందుకే ముందుగా చెప్పేది: నత్తల మందు కొనకండి. చాలా మందుల్లో ఉండేది రాగి, కొందరైతే ఏకంగా మైలుతుత్తం కలిపేయమంటారు. దాంతో నత్తలు చస్తాయి, నిజమే. కానీ రాళ్ల సందుల్లో, ఇసుక లోపల ఒకేసారి చచ్చి కుళ్లి అమ్మోనియా పెరిగిపోతే చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. రొయ్యలుంటే రాగికి అవీ పోతాయి.

ఇప్పుడు వచ్చింది ఏ నత్తో చూడండి. గుండ్రటి చక్రంలా చుట్టుకుని ఉంటే రామ్స్‌హార్న్. చిన్నగా, గోధుమ రంగులో, పల్చటి గుల్లతో చకచకా పాకుతుంటే బ్లాడర్ నత్త. గుల్ల మొన పైకి, నోరు మనవైపు ఉండేలా పట్టుకుంటే దాని నోరు ఎడమవైపు ఉంటుంది. పొడుగ్గా శంకువులా ఉండి పగలు ఇసుకలో దాక్కుంటే ట్రంపెట్ నత్త. మొదటి రెండూ ఆకుల అడుగున, అద్దం మూలల్లో పారదర్శకమైన జిగురు ముద్దగా గుడ్లు పెడతాయి, దగ్గరికెళ్లి చూస్తే లోపల చుక్కలు కనిపిస్తాయి. మన ఊరి వేడికి అవి వారం పది రోజుల్లో పిల్లలైపోతాయి, కాబట్టి ముద్ద కనిపించిన రోజే పాత ఏటీఎం కార్డుతో గీకి తీసేయండి. ట్రంపెట్ నత్త గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది, అదీ మగ నత్త అవసరం లేకుండానే. అందుకే ఒక్కటి వచ్చినా చాలు.

తర్వాత మేత. పెద్ద చేపలైతే రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో పూర్తిగా తినేసేంత మాత్రమే వేయండి, వారానికి ఒక రోజు పస్తు పెట్టినా వాటికేం కాదు (పిల్ల చేపలకు మాత్రం ఇది వర్తించదు). ఇంట్లో పిల్లలు, అమ్మమ్మ, పనమ్మాయి తలా ఓ చిటికెడు వేస్తుంటే ఎన్ని నత్తల్ని ఏరినా లాభం లేదు, మేత డబ్బా ఒకరి చేతిలోనే ఉండాలి. తిండి తగ్గితే కొత్త పిల్లలు తగ్గుతాయి, ఉన్నవి మెల్లమెల్లగా పోతాయి. నెలా రెండు నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి.

ఈలోగా ఉన్నవాటిని ఏరడానికి రాత్రి లైటు ఆపేశాక ఒక కీరా ముక్కనో, వేడినీళ్లలో కాసేపు ముంచిన క్యాబేజీ ఆకునో స్టీలు చెంచాకు రబ్బరు బ్యాండుతో కట్టి అడుగున దించండి. రెండు మూడు గంటల తర్వాత టార్చి వేసి చూస్తే దాని నిండా నత్తలే ఉంటాయి, అలాగే పైకి తీసేయండి. తెల్లారేదాకా వదిలేస్తే తిని వెళ్లిపోతాయి, మనమే వాటికి విందు పెట్టినట్టవుతుంది.

వారానికోసారి సైఫన్ పైపుతో గులకరాళ్ల మధ్య మురికి లాగేస్తూ పాతిక శాతం నీళ్లు మార్చండి. మెట్రో వాటర్ (ఊరి కుళాయి నీళ్లు) అయితే క్లోరిన్ పోగొట్టే చుక్కలు మర్చిపోవద్దు. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కాకుండా, తీసిన ట్యాంకు నీళ్లలోనే పిండండి, దాని మడతల్లో బుల్లి నత్తలు దొరుకుతాయి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టే నత్తలు బలిసిపోతున్నాయని ఒక్కసారిగా ఆర్ఓ నీళ్లకు మారకండి, ఆ నీళ్లకు అలవాటుపడ్డ చేపలు తట్టుకోలేవు.

నత్తల్ని తినే చేపను తెచ్చుకోమని సలహా కూడా వస్తుంది. క్లౌన్ లోచ్ అడుగు పొడవు దాకా పెరుగుతుంది, పైగా గుంపులో ఉండాలి. కేరళ నదుల్లో పుట్టిన పీ పఫర్ బొటనవేలి గోరంత ఉన్నా గప్పీ చేపల తోకలు కొరికేస్తుంది. నత్తల కోసమే చేపను కొనొద్దని నా మాట.

ఇకమీదట కొత్త మొక్క తెస్తే రెండు మూడు వారాలు విడిగా బకెట్లో వెలుతురు తగిలేలా ఉంచి, పుట్టిన నత్తల్ని పుట్టినట్టు ఏరేయండి. పటిక నీళ్లలో నానబెడితే నత్తలు చస్తాయి కానీ గుడ్ల విషయంలో దాన్ని పూర్తిగా నమ్మలేం. అనూబియాస్ లాంటి గట్టి ఆకుల మొక్కైతే, వాసన కలపని బ్లీచ్ ఒక వంతు, నీళ్లు 19 వంతులు కలిపి రెండు నిమిషాలు ముంచి, బాగా కడిగి, క్లోరిన్ పోగొట్టే చుక్కలు వేసిన నీళ్లలో ఉంచితే చాలు. మాస్ అనే నాచు మొక్కకు, పొడుగు ఆకుల వాలిస్నేరియాకు ఇది వద్దు, మాడిపోతాయి.

ఒకటి గమనించండి. బ్లాడర్ నత్తలు గాలి పీల్చడానికి పైకి రావడం మామూలే. మొప్పలతో బతికే ట్రంపెట్ నత్తలు పట్టపగలు గుంపుగా అద్దం ఎక్కుతుంటే మాత్రం ఆక్సిజన్ తగ్గిందో, నీళ్లు పాడయ్యాయో వెంటనే చూసుకోవాలి.

ఏరిన నత్తల్ని రెట్టేరి చెరువులోనో, వాననీటి కాలువలోనో పారేయకండి, అక్కడి జీవాలకు కొత్త తలనొప్పి తెచ్చినవాళ్లమవుతాం. కవర్లో కట్టి ఒక రాత్రంతా ఫ్రీజర్లో ఉంచి, మర్నాడు పూలకుండీ మట్టిలో పూడ్చేయండి.