నర్మద చుట్టూ నడక – మూడో పాఠం: సంచి కట్టడం

పోయిన పాఠంలో చెప్పినట్టు వారం రోజులు ఉత్త చేతులతో నడిచారా? రోజుకు 10 కిలోమీటర్లు అలవాటయ్యాయి అనిపిస్తేనే ఈ పాఠంలోకి రండి. లేదంటే ఇంకో నాలుగు రోజులు నడవండి, తొందరేం లేదు. కార్తీకానికి ఇంకా టైముంది.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. నర్మద మధ్యప్రదేశ్‌లోని అమర్‌కంటక్‌లో పుట్టి, పడమటికి 1,312 కిలోమీటర్లు పారి, గుజరాత్‌లో భరూచ్ దాటాక ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. ఆ నదిని కుడిచేతి వైపు ఉంచుకుని, సముద్రంలో కలిసే చోట పడవలో తప్ప ఎక్కడా దాటకుండా, చుట్టూ నడిచి బయల్దేరిన చోటికే రావడం పరిక్రమ. రెండు గట్లూ కలిపితే 2,600 కిలోమీటర్ల పైమాటే. చాతుర్మాస్యం ముగిశాక, కార్తీక శుద్ధ ఏకాదశి నుంచి బయల్దేరడం ఆచారం. మనం లెక్క వేసుకుంటున్నది ఓంకారేశ్వర్‌లో దక్షిణ గట్టు మీద సంకల్పం చెప్పుకుని, రోజుకు 20 కిలోమీటర్ల చొప్పున నడిచే యాత్ర. నాలుగున్నర నెలలు పడుతుంది. ఉగాది దగ్గర పడేసరికి తిరిగి ఓంకారేశ్వర్‌లో ఉంటాం.

నాలుగున్నర నెలలు అనగానే మనసు పెద్ద బ్యాగు వైపు పోతుంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు, ఖండ్వాలో రైలు దిగేటప్పటికి నా బ్యాగు బరువు 12 కిలోల 300 గ్రాములు. ఇంటి పక్క కిరాణా కొట్టు కాటా మీద తూచుకునే బయల్దేరాను. ఫరవాలేదు, మోయగలను అనుకున్నాను. కాటా దగ్గరి నుంచి గుమ్మం దాకా మోసి అనుకున్న మాట అది.

రెండో రోజు సాయంత్రానికి పట్టీలు ఒరుసుకుని రెండు భుజాలూ కందిపోయాయి. మోకాళ్లు వంగడానికి మొరాయించాయి. మా పెద్దమ్మ కొడుకు, అంతకుముందే ఒకసారి పరిక్రమ చేసిన అన్నయ్య, మాతోనే ఉన్నాడు. ఆశ్రమం అరుగు మీద చాప పరిచి, బ్యాగులో ఉన్నదంతా దాని మీద పెట్టమన్నాడు.

"ఒక్కోటీ చేత్తో పట్టుకుని ఎందుకు తెచ్చావో చెప్పరా."

చెప్పడం మొదలుపెట్టాను. ఒకవేళ బట్టలు ఆరకపోతే అని మూడో జత. ఒకవేళ చెప్పులు తెగితే అని ఇంకో జోడు. ఒకవేళ దారిలో ఏమీ దొరకకపోతే అని కిలో అటుకులు, అర కిలో బెల్లం, పచ్చడి సీసా. ఒకవేళ కరెంటు లేకపోతే అని రెండో పవర్ బ్యాంకు. నేను "ఒకవేళ" అన్న ప్రతిసారీ అన్నయ్య ఏమీ మాట్లాడకుండా ఆ వస్తువు తీసుకుని చాపకు ఎడమవైపు పెట్టాడు. చీకటి పడే వేళకు ఎడమ కుప్ప కుడి కుప్ప కంటే పెద్దదైంది. తినేవి ఆశ్రమం వంటింట్లో ఇచ్చేశాను. మిగతావి వారం తర్వాత బడ్వానీలో పోస్టాఫీసుకు వెళ్లి ఇంటికి పార్సిల్ చేశాను. ఆ వారం రోజులూ, అక్కర్లేదని తెలిసిన సామానే వీపు మీద మోశాను. మీకు ఆ వారం రాకూడదని ఈ పాఠం ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి మొదటి అభ్యాసం ఇదే. తీసుకెళ్దామనుకున్నవన్నీ ఇంట్లో చాప మీద పరవండి. ఇంట్లోవాళ్లలో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. ఒక్కోటీ పట్టుకుని, ఎందుకో పైకి చెప్పండి. "రోజూ వాడతాను" అంటే కుడివైపు. "ఒకవేళ" అంటే ఎడమవైపు. మనసులో అనుకుంటే కుదరదు, పైకే చెప్పాలి. మనసులో ప్రతి వస్తువుకూ ఒక మంచి కారణం దొరుకుతుంది. "ఒకవేళ" కుప్పలోంచి తిరిగి తీసుకోదగ్గవి మూడే: మందులు, టార్చి, వాన పట్టా.

ఇంత ధైర్యంగా ఎలా చెబుతున్నావని అడగొచ్చు. ఆ దారి అలాంటిది. మన వైపు సదావర్తి సత్రాలు అనే మాట ఉంది కదా, నర్మద గట్టున అది ఇప్పటికీ రోజూ జరిగే పని. దాన్ని అక్కడ సదావ్రత్ అంటారు. ఊళ్లోకి వెళ్లి "నర్మదే హర్" అంటే, అవతల నుంచి "నర్మదే హర్" అని వినిపిస్తుంది. ఆ తర్వాత టీ, భోజనం, పడుకోవడానికి చోటు. కొన్నిచోట్ల వండి పెడతారు, కొన్నిచోట్ల పిండి, పప్పు, ఉప్పు చేతికిచ్చి పొయ్యి చూపిస్తారు. బడ్వానీ దాటాక వచ్చే శూలపాణి అడవిలో, పాత రోజుల్లో భిల్లులు యాత్రికుల దగ్గర ఉన్నదంతా తీసేసుకుని పంపేవారని పరిక్రమవాసులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒంటి మీద గుడ్డతో మిగిలినవాళ్లు కూడా ఆ తర్వాత వందల కిలోమీటర్లు నడిచారు, ఎందుకంటే తర్వాతి ఊరు వాళ్లకు అన్నం పెట్టింది. ఇప్పుడా భిల్లుల గూడేల్లోనే యాత్రికులను పిలిచి భోజనం పెడుతున్నారు. ఊరు ఇచ్చేదాన్ని మనం మోసుకెళ్లక్కర్లేదు. ఊరు ఇవ్వలేనిదేదో అదే సంచిలో ఉండాలి.

ఎంత బరువు? నీళ్లు కాకుండా, ఒంటి బరువులో పదో వంతు మించకూడదు. 60 కిలోల మనిషికి 6 కిలోలు. రెండోసారి వెళ్లినప్పుడు నా సంచి 5 కిలోల 740 గ్రాములు వచ్చింది. అందులో ఖాళీ సంచే 900. ట్రెక్కింగ్ బ్యాగులు చాలావరకు ఖాళీగానే కిలోన్నర, రెండు కిలోలు ఉంటాయి, కొనేముందు షాపులో తూయించండి. 35 లీటర్లది చాలు. 60 లీటర్లది కొంటే ఆ ఖాళీ నింపేదాకా మనకు నిద్ర పట్టదు. నడుముకు బెల్టు ఉన్నదే తీసుకోండి, బరువు భుజాల మీద కాకుండా తుంటి మీద కూర్చోవాలి.

ఇప్పుడు బట్టలు. ఈ యాత్రలో బట్టల లెక్క మామూలు ట్రెక్కింగ్ లెక్కతో కుదరదు. ఇక్కడ రోజూ తెల్లవారుజామున నదిలో స్నానం ఉంటుంది. స్నానమయ్యాక నీళ్లోడే బట్ట పట్టుకుని ఆరు గంటలకల్లా దారిన పడాలి. ఆరేదాకా కూర్చునే వీలుండదు. కార్తీకంలో మంచు పడుతుంది, రాత్రి తీగ మీద వేసిన బట్ట పొద్దున్నకు ఇంకా చెమ్మగానే ఉంటుంది.

నేను ఇంట్లో చేసి చూసిన ఒక పని చెబుతాను, మీరూ చేయండి. ఒక టర్కీ టవలు పొడిగా తూచాను: 480 గ్రాములు. తడిపి, చేతనైనంత గట్టిగా పిండి మళ్లీ తూచాను: కిలో దాటింది. తర్వాత పల్చటి నేత తుండు. పొడిగా 130, పిండాక 270. రోజూ పొద్దున తడిగుడ్డ మోస్తూనే నడవాలి కాబట్టి, ఈ తేడా రోజూ మీ వీపు మీదే ఉంటుంది. తుండును బ్యాగు వెనక రెండు పిన్నీసులతో పరిచి కట్టుకుంటే పదింటికల్లా ఆరిపోతుంది. టర్కీ టవలు మధ్యాహ్నానికీ ఆరదు, సాయంత్రానికి వాసన మొదలవుతుంది.

అందుకని ఒంటి మీద ఒక జత, సంచిలో ఒక జత. అంతే. తెల్లటి పల్చటి లాల్చీ, పంచె లేదా పైజమా. జీన్స్ వద్దు, పొడిగానే 600 గ్రాములుంటుంది, తడిస్తే రెండు రోజులు ఆరదు. ఆడవాళ్లలో చాలామంది తెల్ల చీరలో నడుస్తారు. చీరే కావాలంటే పల్చటి నూలుది ఒకటి కట్టుకుని, మార్చుకోవడానికి సల్వార్ పెట్టుకోండి, బరువు తగ్గుతుంది. నెలసరి ప్యాడ్లు ఒక నెలకు సరిపడా సంచిలో ఉండాలి, చిన్న ఊళ్లలో మందుల షాపు ఉంటుందని నమ్మకం లేదు.

చలి గురించి మనవాళ్లకు టెన్షన్ ఎక్కువ. కోస్తాలో పుట్టి పెరిగినవాళ్లకు మరీ. బయల్దేరే రోజుల్లో పగలు చెమట పడుతుంది, రాత్రి పల్చటి దుప్పటి చాలనిపిస్తుంది. పుష్యమాసానికి ఉత్తర గట్టు మీద ఉంటాం, అప్పుడు తెల్లవారుజామున పళ్లు కొట్టుకుంటాయి. అమర్‌కంటక్ వెయ్యి మీటర్ల పైన ఉంది, అక్కడ మాఘంలో కూడా చలి గట్టిగానే ఉంటుంది. అయినా లావాటి జాకెట్ వద్దు. పల్చటి స్వెట్టరు 350, ఉన్ని శాలువా 350, మంకీ క్యాపు, సాక్సులు కలిపి 150. మూడూ ఒకదాని మీద ఒకటి వేసుకుంటే జాకెట్ కంటే వెచ్చగా ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ ఒక్కోటీ విప్పుకోవచ్చు. శాలువా రాత్రి దుప్పటి కింద రెండో పొర, పొద్దున జపానికి కూర్చున్నప్పుడు ఒంటి మీద, మధ్యాహ్నం చెట్టు కింద తలగడ. రెండు పనులకు రాని బట్ట ఏదైనా నేను పక్కన పెట్టేస్తాను. ఫాల్గుణంలో ఎండలు ముదిరాక, స్వెట్టరు ఏదో ఒక పోస్టాఫీసు నుంచి ఇంటికి పంపేయండి.

పడక విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. కిలో బరువుండే స్లీపింగ్ బ్యాగు, కింద పరుచుకోవడానికి 350 గ్రాముల పల్చటి ఫోం చాప. ఆశ్రమాల్లో దుప్పట్లు ఇస్తారు, కానీ రద్దీ రోజుల్లో అందరికీ రావు. చలి నేల మీంచి ఎక్కువగా వస్తుంది కాబట్టి చాప వదిలేసి రెండో దుప్పటి మోయడం తప్పు లెక్క. నిద్ర చెడితే మర్నాడు 20 కిలోమీటర్లు 30 అయినట్టుంటాయి.

తిండి గురించి చెప్పేసింది చాలు. ఒక్క మాట: అన్నానికి అలవాటైన ప్రాణం వారం రోజులు దిగులు పడుతుంది. అక్కడ దొరికేది టిక్కడ్ అనే మందపాటి రొట్టె, పప్పు. చిన్న డబ్బాలో 100 గ్రాముల కందిపొడి పెట్టుకోండి, ఆ డబ్బా ఖాళీ అయ్యేలోపు నాలుక అలవాటు పడుతుంది. పచ్చడి సీసా వద్దు, గాజు బరువు, పైగా నూనె కారితే బట్టలన్నీ పాడవుతాయి. స్టీలు పళ్లెం ఒకటి, గ్లాసు ఒకటి. నీళ్లు లీటరు సీసాలో, లీటరంటే కిలో అని గుర్తుంచుకోండి. ఊళ్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట సగమే నింపుకోండి. అడవి దారిలో నిండుగా.

మందుల దగ్గర నేను ఒక సంగతి గట్టిగా చెబుతాను. బీపీ, షుగరు మాత్రలు వాడేవాళ్లు నెలకు సరిపడా తీసుకెళ్లాలి, డాక్టరు చీటీ జిరాక్సుతో సహా. నది దాటకూడదన్న నియమం ఇక్కడ అడ్డొస్తుంది. ఎదుటి గట్టున ఊరు, ఊళ్లో మందుల షాపు బోర్డు కళ్ల ముందే ఉంటాయి, కానీ అవి మనవి కావు. మన గట్టున ఏ పెద్ద ఊరు వస్తుందో దాన్నిబట్టి కొనుక్కోవాలి. వెళ్లేటప్పుడు దక్షిణ గట్టున బడ్వానీ, రాజ్‌పిప్లా, అంక్లేశ్వర్. సముద్రం దాటాక ఉత్తర గట్టున భరూచ్, ఆ పైన చాలా దూరానికి జబల్‌పూర్. అమర్‌కంటక్ తిరిగాక దక్షిణ గట్టున హోషంగాబాద్, ఇప్పటి పేరు నర్మదాపురం. ఈ వరస ఒక చీటీ మీద రాసుకుని మందుల కవర్లో పెట్టుకోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జ్వరం మాత్రలు, బ్యాండేజీ, సూది దారం కూడా అందులోనే.

మిగతావి గబగబా. ఫోను, చార్జరు, ఒకే ఒక చిన్న పవర్ బ్యాంకు. టార్చి. ఆధార్ జిరాక్సు, ఆశ్రమాల్లో ముద్ర వేయించుకునే చిన్న పుస్తకం. సబ్బు, బ్రష్షు, కొబ్బరినూనె బుడ్డి. నాలుగు మీటర్ల పల్చటి తాడు. చేతిలో వెదురు కర్ర, దాని బరువు లెక్కలోకి రాదు, పైగా దిగుడు దారుల్లో మోకాలి బరువు అదే పంచుకుంటుంది.

సంకల్పం రోజున నింపుకున్న నర్మద నీళ్లు యాత్ర పొడవునా మనతోనే ఉంటాయి. పొద్దునా సాయంత్రం పూజ వాటికే. చివర ఓంకారేశ్వరుడికి సమర్పించేదీ ఆ నీళ్లే. పెద్ద చెంబు అక్కర్లేదు, మూత గట్టిగా పట్టే 200 మిల్లీలీటర్ల సీసా చాలు. దాన్ని అడుగున కుక్కకండి, పైన విడిగా, చేతికి అందేలా ఉంచండి. నా సంచిలో తూకం వేయకుండా పెట్టిన వస్తువు అదొక్కటే. చివరికి మొత్తం లెక్కలో అదీ కలిసింది.

సర్దే పద్ధతి: ముందు సంచి లోపల మందపాటి పెద్ద ప్లాస్టిక్ కవరు పరిచి, అన్నీ దానిలోనే పెట్టి మూతి మెలితిప్పండి. బ్యాగు మీద వేసే రెయిన్ కవరును నమ్ముకోవద్దు. నది ముఖం దగ్గర విమలేశ్వర్ నుంచి మీఠీ తలాయీకి పడవలో దాటేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. పోటు చూసుకుని పడవ కదులుతుంది, గంటల తరబడి ఉప్పునీరు మీద చిందుతూనే ఉంటుంది. పడక అడుగున, బరువైనవి వీపుకు ఆనేలా మధ్యలో, శాలువా, వాన పట్టా పైన.

ఈ వారం పని. సంచి కట్టి, కిరాణా కొట్టు కాటా మీద తూయించి, అంకె కాగితం మీద రాయండి. ఆ సంచితోనే మూడు రోజులు పదేసి కిలోమీటర్లు నడవండి. ఒక రాత్రి మేడ మీద, అందులో ఉన్న పడకతోనే పడుకోండి. పొద్దున తుండు తడిపి, పిన్నీసులతో కట్టుకుని బయల్దేరండి, ఎన్నింటికి ఆరిందో చూడండి. మూడో రోజు సాయంత్రం మళ్లీ చాప పరవండి. ఆ మూడు రోజుల్లో చెయ్యి తగలని వస్తువులు ఎడమవైపు పెట్టి, మిగిలింది ఇంకోసారి తూయించండి.

నాలుగో పాఠం పాదాల గురించి. అప్పటిదాకా కొత్త బూట్లు కొనకండి.