పబ్బులో పాట ఎంత గట్టిగా పెట్టాలి?

అసలు పాట ఉండాలా వద్దా అన్నది ముందు తేల్చుకోండి. బ్రిటన్‌లో వెదర్‌స్పూన్ వాళ్ల పబ్బుల్లో చాలా చోట్ల పాటే ఉండదు, అయినా జనం కిటకిటలాడతారు. నన్నడిగితే మాత్రం ఉండాలి. పాట లేని హాల్లో పక్క టేబుల్ వాళ్ల అప్పుల గొడవ మనకు వినిపిస్తుంది, మన ఇంటి గొడవ వాళ్లకు వినిపిస్తుంది. ఆ మాటల్ని కప్పెయ్యడానికే పాట, వినడానికి కాదు. హైదరాబాద్‌లో బార్లకు సౌండ్ బిగించే పనిలో ఏళ్లు గడిచాయి గానీ, ఈ ఒక్క ముక్క ఓనర్లకు ఎక్కించలేకపోతున్నాను.

సామాను పెద్దగా అక్కర్లేదు. సీలింగ్‌కు ఆరో ఎనిమిదో చిన్న స్పీకర్లు, ఒక యాంప్లిఫయర్, ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్. మూలకు రెండు పెద్ద డబ్బాలు మాత్రం పెట్టకండి. చివరి టేబుల్‌కు వినబడాలంటే మొదటి టేబుల్ వాడి చెవులు పగలాలి. పాటలకు లైసెన్సు కూడా తీసుకోండి, ఐపీఆర్‌ఎస్, పీపీఎల్ లాంటి సంస్థలు ఇస్తాయి.

సాయంత్రం హాలు ఖాళీగా ఉన్నప్పుడు మధ్య టేబుల్ దగ్గర కూర్చుని మీటర్ 60 డెసిబెల్స్ దగ్గర నిలిచేలా పెట్టండి. ఫోన్ యాప్ కాస్త అటూ ఇటూ చూపిస్తుంది, ఫర్లేదు. బేస్, అంటే ధబ్ ధబ్ మనే దరువు, సగానికి తగ్గించండి. సీలింగ్ స్పీకర్లు బిగించాక ఇదంతా పది నిమిషాల పని.

అసలు తిప్పలు రాత్రి ఎనిమిదిన్నరకు మొదలవుతాయి. హాలు నిండుతుంది, పాట వినబడదు, కౌంటర్‌లో కుర్రాడు నాబ్ ఒక పాయింట్ పెంచుతాడు. వద్దు! చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రాన్స్‌లో ఎత్యెన్ లోంబార్ అనే డాక్టరు 1911లోనే ఈ సంగతి చెప్పాడు. మీరు పాట పెంచితే వాళ్లు గొంతు పెంచుతారు, వాళ్లు పెంచారని మీరు మళ్లీ పెంచుతారు. పది డెసిబెల్స్ పెరిగాయంటే చెవికి దాదాపు రెట్టింపు చప్పుడు. కొండాపూర్‌లో ఒక చోట కస్టమర్లు ఆర్డర్‌ను ఫోన్‌లో టైప్ చేసి వెయిటర్‌కు చూపిస్తుంటే నా కళ్లతో చూశాను. మేనేజర్‌కేమో అది మంచి ఊపులా కనిపించింది.

కాబట్టి కౌంటర్ దగ్గర నిలబడి తేల్చకండి. గంటలకొద్దీ అక్కడే ఉన్నవాడి చెవి ఆ చప్పుడుకు అలవాటు పడిపోతుంది. బయటికెళ్లి పది నిమిషాలు ఆగి లోపలికి రండి. స్పీకర్ కిందున్న టేబుల్ దగ్గర ఒకసారి, మూల టేబుల్ దగ్గర ఒకసారి కూర్చుని, ఎదురుగా ఉన్న మనిషితో మామూలు గొంతుతో "రెండు ప్లేట్లు పల్లీలు చెప్పు" అనండి. వాడు ముందుకు వంగాడా, పాట ఎక్కువైనట్టే. అయితే ఒక్కసారిగా తగ్గించకండి, హాలంతా తలెత్తి చూస్తుంది. పాట మారేటప్పుడు కొంచెం, పది నిమిషాలాగి ఇంకొంచెం తగ్గించండి. అరగంటలో టేబుళ్ల మీద గొంతులు కూడా దిగుతాయి. ఆ తర్వాత నాబ్ దగ్గర గీత గీసి, దాటితే ఊరుకోనని కుర్రాళ్లకు చెప్పండి. నేనైతే నాబ్‌కు టేపు వేసేస్తాను.

కస్టమర్ వచ్చి "సౌండ్ పెంచు బ్రో" అంటాడు. అడిగేది ఒక్క టేబుల్, ఇబ్బంది పడి అడగకుండా వెళ్లిపోయేవి నాలుగు టేబుళ్లు.

రాత్రి పది దాటాక లెక్క వేరు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పూట వాణిజ్య ప్రాంతంలో 55, నివాస ప్రాంతంలో 45 డెసిబెల్స్ పరిమితి. ఆ లెక్క వీధిది, మీ హాలుది కాదు. 2022లో జూబ్లీహిల్స్ పబ్బుల కేసులో తెలంగాణ హైకోర్టు పది తర్వాత పాటలే వద్దంది. అందుకని పదికి పది నిమిషాల ముందే వెనక సందులోకి వెళ్లి నిలబడండి. పాట వినబడకపోయినా గోడలోంచి ధబ్ ధబ్ మని దరువు వస్తుంటే వాల్యూమ్ జోలికి పోకండి, ముందు బేస్ కట్ చెయ్యండి.