డాబా మీద స్ప్రే ఫోమ్: చేయించే ముందు తేల్చుకోవలసినవి

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటినప్పుడు పై అంతస్తులో ఉండేవారికి మధ్యాహ్నం కన్నా రాత్రే ఎక్కువ బాధ; పగలంతా కాగిన స్లాబు పొద్దుగూకిన తరువాత ఆ వేడిని గదిలోకి వదులుతుంటే ఫ్యాను వేసినా వడగాలే కొడుతుంది. అందుకే, వేడిని ఆపే ఫోమ్‌ను స్లాబు పైన కొట్టించాలా, లోపల కొట్టించాలా అని అడిగేవారికి నేను పైననే అని చెబుతాను. లోపల కొట్టిస్తే గదికి వేడి తగ్గుతుంది గాని, స్లాబు మాత్రం రోజూ కాగి చల్లారుతూనే ఉంటుంది. పైగా చువ్వలు తుప్పు పట్టినా, పెచ్చులు లేచినా కంటికి కనబడదు.

రెండు రసాయనాలు గన్ కొనలో కలిసి, పడిన చోటనే పొంగి క్షణాల్లో బిగుసుకునే పాలీయూరితేన్ నురగే ఈ స్ప్రే ఫోమ్. డాబా మీదికి లోపలి బుడగలు మూసుకుని ఉండే క్లోజ్డ్ సెల్ రకమే పనికివస్తుంది, బుడగలు తెరిచి ఉండే ఓపెన్ సెల్ నీరు పీల్చుకుంటుంది. ఘనపు మీటరుకు 40 కిలోలకు తగ్గని సాంద్రత, 2 అంగుళాల మందం అని కొటేషన్‌లోనే రాయించుకుని, పని జరుగుతుండగా సన్నని తీగ గుచ్చి మందం చూసుకోవాలి. మందమంతా ఒకేసారి కొట్టనివ్వకూడదు. లోపల వేడి పుట్టి నురగ మాడిపోతుంది.

ఉరుస్తున్న స్లాబు మీద కొట్టిస్తే ఉరుపు ఆగుతుందా? పగుళ్లు పూడ్చకుండా, తడి ఆరకుండా కొట్టించిన ఫోమ్ పొక్కి లేచిపోతుంది. ఒకటిన్నర అడుగుల ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపు వేసి స్లాబుకు అంటించి, మరునాడు తీసి చూడండి. అడుగున చెమ్మ కనిపిస్తే పని వాయిదా వేయాలి. ఫిబ్రవరి, మార్చి నెలలు ఈ పనికి అనువైనవి. గాలి లేని ఉదయం పూట మొదలుపెట్టించి, నీళ్ల ట్యాంకును, కింద నిలిపిన బండ్లను కప్పించాలి. ఎగిరిపడిన తుంపర అంటుకుంటే గీకినా పోదు.

ఎండ తగిలితే ఫోమ్ పసుపెక్కి పొడిగా రాలుతుంది కనుక పైన పూత తప్పనిసరి. అయితే మనవాళ్లు డాబా మీద వడ్లు, మిరపకాయలు ఆరబోస్తారు, కోతులు సరేసరి. ఆ తొక్కుడుకు పూత నిలవదు. అలాంటి ఇంటికి ఫోమ్ పైన సిమెంటు పరుపు పోసి షాబాద్ బండలు వేయించడం మేలు, కాకపోతే స్లాబు ఆ బరువు మోయగలదో లేదో ఇంజనీరుకు చూపించాలి.

రేకుల ఇంటికి లోపలి నుంచి కొట్టించేవారు నిప్పు సంగతి మరువరాదు. ఫోమ్ అంటుకుంటుంది, పొగ విషపూరితం. కింద జిప్సం బోర్డు సీలింగ్ వేయించకుండా పొయ్యి వెలిగించే గదిలో దాన్ని ఉంచకూడదు. పాత ఆస్బెస్టాస్ రేకులను శుభ్రం చేసే పేరుతో గీకించకూడదు, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. కొట్టిన తరువాత ఒక రోజంతా ఇంట్లోవారు వేరే చోట ఉండాలి.

ఖర్చు భారమనుకుంటే ముందు తెల్ల సున్నమో, కూల్ రూఫ్ పెయింటో వేసి ఒక వేసవి చూడవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేదీ ఎండను తిప్పికొట్టే ఇలాంటి పైకప్పుల గురించే. ఫోమే కావాలనుకుంటే, చివరి విడత సొమ్ము మొదటి గట్టి వాన పడ్డాకే ఇస్తామని ముందుగానే మాట్లాడుకోవాలి.