సెకండ్‌హ్యాండ్ నేకెడ్ బైక్: రోగం ఏది, మన ఊళ్లో మందు ఉందా?

ఒడిశా రాయగడలో మనవాళ్లు కొనే పాత బండి చాలాసార్లు పార్వతీపురం నుంచో విజయనగరం నుంచో వస్తుంది, లేదంటే ఇటు బరంపురం నుంచి. తెచ్చాక ఏదైనా బయటపడితే అమ్మినాయన్ని వెళ్లి అడగడానికే ఒక రోజు పని పోతుంది. అందుకే ఏ కంపెనీ మంచిదన్న ప్రశ్నతో నేను మొదలుపెట్టను. ఈ జబ్బు మన ఊళ్లో నయమవుతుందా అన్నది ముందు చూస్తాను. నేకెడ్ అంటే ఫెయిరింగ్ (ప్లాస్టిక్ తొడుగు) లేని బండి, అందులో ఇంజను, రేడియేటర్, చాసిస్ అన్నీ కళ్ల ముందే ఉంటాయి. ఓపిగ్గా చూస్తే చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

మీరు వెళ్లేసరికి ఇంజను వేడిగా ఉంది

నేను మొదట కొన్న 200 సీసీ బండి విషయంలో జరిగింది ఇదే. "ఇప్పుడే పెట్రోలు కొట్టించుకొచ్చాను" అన్నాడు అమ్మినాయన. నమ్మాను. మర్నాడు పొద్దున ఇంటి దగ్గర సెల్ఫ్ నొక్కితే సైలెన్సర్ నుంచి నీలం పొగ గుప్పున వచ్చింది. చల్లారాక సైలెన్సర్ మూతిలో వేలు పెట్టి తిప్పి చూశాను. నల్లటి జిడ్డు, సబ్బుతో కడిగినా వదల్లేదు. పొడి మసి అయితే భయం లేదు. జిడ్డు తగిలితే ఆయిల్ కాలుతున్నట్టే.

పొగ స్టార్ట్ చేసిన కాసేపే వచ్చి ఆగిపోతే ఎక్కువగా వాల్వ్ సీల్స్ పోయినట్టు. హెడ్ విప్పి మార్చిస్తే సరిపోతుంది, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి. యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగాయన్నమాట. ఇక్కడ బండిని బట్టి ఖర్చు మారిపోతుంది. యమహా ఎంటీ-15లో సిలిండర్ డయాసిల్ అల్యూమినియంది, అంటే లోపల ఇనుప స్లీవు ఉండదు. లేత్‌కి పంపి బోరింగ్ చేయించి పెద్ద పిస్టన్ వేయడం కుదరదు, బ్లాకే మార్చాలి. కోరాపుట్ వైపు చలికాలం పొద్దున కనిపించి మాయమయ్యే పలుచని తెల్లటి ఆవిరికి మాత్రం కంగారు పడకండి.

ఫోన్‌లోనే చెప్పేయండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే ఇంజను దగ్గరగా చేయి పెట్టి చూడండి. వేడి తగిలితే టీ తాగి రండి, పూర్తిగా చల్లారాకే చూడండి.

ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ లైటు వెలుగుతోంది

సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఎక్కే రోడ్డు తెలిసినవాళ్లకి ఈ టెన్షన్ ఏమిటో తెలుసు. లారీ వెనక రెండో గేర్‌లో పాకుతుంటే రేడియేటర్‌కి గాలి తగలదు, భారమంతా ఫ్యాన్ మీదే. ఫ్యాన్ తిరగకపోతే ముందు ఫ్యూజ్, రిలే, వైరింగ్ చూపించండి, చిన్న ఖర్చుతో పోవచ్చు. కూలెంట్ తుప్పు రంగులో ఉంటే ఎవరో మామూలు నీళ్లు పోసి నడిపారు. ఫ్లష్ చేయించి కొత్త కూలెంట్ పోయించాలి. మూత ఇంజను చల్లగా ఉన్నప్పుడే తీయండి, వేడిమీద తీస్తే మొహం కాలుతుంది. ఇంజను ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే కూలెంట్ అందులో కలుస్తోంది. వాటర్ పంపు సీల్ కావచ్చు, హెడ్ గ్యాస్కెట్ కావచ్చు. అది విప్పితేగాని తేలదు కాబట్టి నేనైతే ఆ బండి వదిలేస్తాను.

ఈ తలనొప్పి బజాజ్ పల్సర్ ఎన్ఎస్200, కేటీఎం డ్యూక్, ఎంటీ-15లకి ఉంటుంది, మూడూ లిక్విడ్ కూల్డ్ (కూలెంట్‌తో చల్లబడేవి). యమహా ఎఫ్‌జెడ్, సుజుకి జిక్సర్ 155లకి రేడియేటరే లేదు. టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 200 4వీకి ఆయిల్ కూలర్ ఉంటుంది. కాశీపూర్, మునిగుడ లోపలి ఊళ్లకి రోజూ తిరిగేవాళ్లకి నేను ఎఫ్‌జెడ్ లేదా జిక్సర్ అనే చెబుతాను. పికప్ తక్కువే, కానీ చిన్న ఊరి మెకానిక్ కూడా ధైర్యంగా చేయి పెడతాడు.

అదే ఎత్తులో ఇంజను అరుపు పెరిగి బండి మాత్రం కదలకపోతే ముందు క్లచ్ కేబుల్‌కి ఫ్రీ ప్లే (కాస్త వదులు) ఉందో చూడండి. ఉండీ జారుతుంటే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. బాగుచేసుకోదగ్గ జబ్బే.

హ్యాండిల్ వంకరగా పట్టుకుంటేనే బండి తిన్నగా పోతోంది

బండి పడింది. ఎంత గట్టిగా పడిందన్నదే ప్రశ్న. చిన్నగా పడితే ముందు ఫోర్కులు వాటిని పట్టి ఉంచే 'టీ' (T) క్లాంపు దగ్గర మెలి తిరిగి ఉంటాయి. బోల్టులు వదులు చేసి సరిచేస్తే పోతుంది. ఫోర్కు రాడ్డే వంగితే మార్చడం తప్పదు. ఇంకా గట్టిగా తగిలితే చాసిస్ దాకా వెళ్తుంది.

దీనికి ఒక చోటు చూడాలి. హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకి, తర్వాత కుడికి తిప్పి, స్టీరింగ్ ఆగే చోట చిన్న ఇనుప దిమ్మ మీద టార్చి వేయండి. అది నలిగినా విరిగినా, దాని చుట్టూ పెయింటు పగిలినా, కొత్త రంగు కనిపించినా బేరం ఆపేయండి. డ్యూక్‌లో గొట్టాల చాసిస్‌ వెల్డింగుల దగ్గర కూడా వేలితో తడిమి చూడండి. వంగిన చాసిస్‌కి ఇక్కడ మందు లేదు.

హ్యాండిల్ మధ్యకి రాగానే టక్కున పట్టినట్టుంటే కోన్ సెట్ (స్టీరింగ్ బేరింగులు) పోయింది. ఫోర్కు రాడ్డు మీద ఆయిల్ వలయం ఉంటే సీల్స్ పోయాయి. వెనక పళ్లచక్రం పళ్లు సొరచేప పళ్లలా వంగితే చైన్ సెట్ మొత్తం మార్చాలి. ఇవన్నీ ధర తగ్గించుకోడానికి పనికొస్తాయి, భయపడక్కర్లేదు.

ఏబీఎస్ లైటు ఆరడం లేదు, లేదా అసలు వెలగడం లేదు

ఏబీఎస్ అంటే బ్రేకు కొడితే చక్రం బిగుసుకోకుండా చూసేది. దాని లైటు తాళం తిప్పగానే వెలగాలి, బండి కాస్త కదలగానే ఆరాలి. ఆరకపోతే చక్రం దగ్గర సెన్సర్ బురదతో నిండి ఉండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు. అసలు వెలగకపోతే ఎవరో కావాలనే దాన్ని ఆర్పేసి ఉండొచ్చని అనుమానించాలి. ఏబీఎస్ యూనిట్ ఖరీదైంది. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. వానాకాలం మన ఘాట్ రోడ్లకి అంతకంటే పాత బండి నేను సిఫార్సు చేయను.

మీటరులో కిలోమీటర్లు తక్కువ, బండి మాత్రం అలిసిపోయింది

ఫుట్‌రెస్ట్ రబ్బరు, గేర్ లివరు, బ్రేక్ డిస్కు అంచు ఎంత అరిగాయో చూడండి. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ఆ తేదీ బండి కంటే బాగా కొత్తదైతే అవి రెండో జత టైర్లు. 12,000 తిరిగిందన్న బండికి అలా ఉంటే ఎందుకని అడగండి.

ఎన్ఎస్200నా, డ్యూక్ 200నా?

ఎక్కువమంది అడిగేది ఇదే. రెండిటి ఇంజను కొలత ఒకటే, 199.5 సీసీ. ఎన్ఎస్‌లో ఒకే క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు), మూడు స్పార్క్ ప్లగ్గులు. డ్యూక్‌లో రెండు క్యామ్‌లు. డ్యూక్ సరదా వేరు, ఒప్పుకుంటాను. కానీ దాన్ని కుర్రాళ్లు గట్టిగా నలిపి అమ్ముతారు, ఒంటి యజమాని దగ్గర శుభ్రంగా ఉన్నది దొరకడం కష్టం. ఒకే ధరకి రెండూ దొరికితే నేను ఎన్ఎస్ తీసుకుంటాను. బజాజ్ పార్టులు ఇక్కడ సులువుగా దొరుకుతాయి.

బండి బాగుంది, కాగితాలు కుదరడం లేదు

నంబరు ప్లేటు మీద శ్రీకాకుళం బండికి ఏపీ 30, విజయనగరం బండికి ఏపీ 35 ఉంటుంది, 2019లో ఆంధ్ర అంతటికీ ఏపీ 39 వచ్చింది. ఆంధ్ర నంబరు బండిని ఒడిశాలో 12 నెలలకి మించి ఉంచితే ఇక్కడ రిజిస్టర్ చేయించి ఓడీ నంబరు తీసుకోవాలి, రాయగడ అయితే ఓడీ 18. అందుకు అమ్మినాయన సొంత ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి. దాని మీద చాసిస్ నంబరు పెన్సిల్ అచ్చు ఉంటుంది. ఆ అచ్చు బండి మీద నంబరుతో, ఆర్‌సీతో అంకె అంకె కలవాలి. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే బ్యాంకు క్లియరెన్సు, ఫారం 35 కావాలి. అమ్మకానికి 29, 30 ఫారాల మీద ఆయన సంతకాలు మీ ముందే చేయించండి. బాకీ చలానాలు కట్టేయమనండి. అడ్వాన్సు కొద్దిగానే ఇచ్చి, ఎన్ఓసీ చేతికొచ్చిన రోజు మిగతాది లెక్కపెట్టి ఇవ్వండి.