అమెరికాలో ట్యాక్స్ ప్రిపేరర్ తప్పు చేస్తే: సవరణ, ఫిర్యాదు, దరఖాస్తు విధానం

రిటర్న్ ఎవరు తయారుచేసినా సంతకం మీదైతే బాధ్యతా మీదే. ప్రిపేరర్ మీద ఫిర్యాదు పెట్టినంత మాత్రాన వడ్డీ ఆగదు, నోటీసు గడువు పెరగదు. కాబట్టి ముందు లెక్క సరిచేసుకోండి, ఫిర్యాదు తర్వాత.

ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) ఆన్‌లైన్ ఖాతాలో ఆ ఏడాది రిటర్న్ ట్రాన్‌స్క్రిప్ట్ (వారి దగ్గర నమోదైన అంకెల ప్రతి) తీసుకుని, ప్రిపేరర్ ఇచ్చిన కాపీ పక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటైతే పొరపాటు. అంకెలు తేడాగా ఉంటే మోసం జరిగి ఉండొచ్చు, అప్పుడు దారి వేరు, కింద ఫిర్యాదు భాగంలో చూడండి.

పొరపాటైతే సవరణ రిటర్న్, అంటే ఫామ్ 1040-ఎక్స్ వేయాలి. రీఫండ్ రావాల్సి ఉంటే రిటర్న్ వేసిన 3 ఏళ్లలోపు, లేదా పన్ను కట్టిన 2 ఏళ్లలోపు, ఏది ఆలస్యమైతే అది. మన విద్యార్థుల్లో తరచూ కనిపించే తప్పొకటుంది. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చినవారు పన్ను లెక్కల్లో సాధారణంగా తొలి 5 క్యాలెండర్ సంవత్సరాలు నాన్‌రెసిడెంట్లే, వేయాల్సింది 1040-ఎన్ఆర్. రీఫండ్ పెద్దగా చూపాలని కొందరు రెసిడెంట్లు వేసే 1040 వేసి, 2,500 డాలర్ల దాకా వచ్చే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ (చదువు ఖర్చులపై పన్ను రాయితీ) కూడా తగిలిస్తారు. దీన్ని దిద్దాలంటే 1040-ఎక్స్‌లో వివరాలు, కారణం రాసి, వెనక సరైన 1040-ఎన్ఆర్ జతచేయాలి. భారతీయ విద్యార్థులకు భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం కింద స్టాండర్డ్ డిడక్షన్ ఉంది, అది వదిలేయకండి.

తక్కువ పన్ను చూపినందుకు 20% జరిమానా పడితే, కాగితాలన్నీ ఇచ్చి అర్హతున్న ప్రిపేరర్‌ను నమ్మామని ఈమెయిళ్లతో చూపి మాఫీ అడగొచ్చు. రిటర్న్ ఆలస్యంగా వేసినందుకు పడే జరిమానాకు మాత్రం ఈ వాదన నిలవదు. 1985 బాయిల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ జరిమానాకు, గత 3 ఏళ్ల రికార్డు శుభ్రంగా ఉంటే తొలిసారి మాఫీ అడగండి.

ఫిర్యాదుకు ఫామ్ 14157, ఆన్‌లైన్‌లోనూ పంపొచ్చు. మీకు తెలియకుండా రిటర్న్ వేసినా, మార్చినా దానితోపాటు 14157-ఏ కూడా కావాలి. ప్రిపేరర్ ఇచ్చిన కాపీ, మీరు వేయాలనుకున్న రిటర్న్ సంతకంతో, రీఫండ్ వేరే ఖాతాకు మళ్లితే పోలీసు రిపోర్టు జతచేయండి. రిటర్న్‌పై ప్రిపేరర్ సంతకం, పిటిన్ (ప్రిపేరర్‌కు ఐఆర్ఎస్ ఇచ్చే గుర్తింపు) నంబర్ లేకపోతే అదీ రాయండి. ప్రిపేరర్ సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) అయితే రాష్ట్ర అకౌంటెన్సీ బోర్డుకు కూడా ఫిర్యాదు చేయొచ్చు.

ప్రిపేరర్‌కు ఐఆర్ఎస్ వేసే జరిమానాలో మీకు పైసా రాదు. నష్టపరిహారం కావాలంటే చిన్న మొత్తాల దావాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది. ఎంత మొత్తం దాకా అడగొచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి. అక్కడ సాధారణంగా దక్కేవి మీరు కట్టిన జరిమానా, దిద్దుబాటు ఖర్చు. ఎలాగూ కట్టాల్సిన పన్ను కాదు. కేసుకు ముందు ప్రిపేరర్‌తో చేసుకున్న ఒప్పంద పత్రం, అంటే ఎంగేజ్‌మెంట్ లెటర్‌లో, ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు మధ్యవర్తి తీర్పు) షరతు ఉందేమో చూసుకోండి.