నగర వృక్షాల ఛాయాచిత్రణ – మూడవ పాఠం: ఎంత దూరంలో నిలబడాలి?

గత పాఠంలో ఇంటికి దగ్గరలోని ఒక చెట్టును ఎంచుకొని, వారం రోజులు కెమెరా లేకుండా చూసి రమ్మని కోరాను. ఇప్పుడు ఆ చెట్టు ముందు ఎక్కడ నిలబడాలో నేర్చుకుందాం.

కొత్తవారిలో చాలామంది మాను దగ్గరే నిలబడి, ఫోనును పైకి వంచి, చెట్టునంతా ఒకే చిత్రంలో పట్టించాలని చూస్తారు. అప్పుడు నిటారైన మాను వెనక్కి వాలినట్టు, కొమ్మలు పైకి పోయేకొద్దీ కుంచించుకుపోయినట్టు వస్తాయి. చెట్టు ఎత్తుకు సుమారు రెండింతల దూరం వెనక్కి వెళ్ళి, ఫోనును ఏ వైపూ వంచకుండా నిలువుగా పట్టుకోండి. కింద నేల ఎక్కువగా వస్తే తరువాత కత్తిరించుకోవచ్చు. హైదరాబాదులోని కోఠి సందుల్లో అంత చోటు దొరకదు కాబట్టి, అక్కడ ఎదుటి భవనం వారిని అడిగి మొదటి అంతస్తు నుంచి తీయడం మేలు.

దూరం కుదిరాక చూపవలసినది పరిమాణం. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చినప్పుడు దాని కొమ్మలు పట్టుకొని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. మొదటిసారి వెళ్ళినప్పుడు మనుషులెవరూ కనబడకుండా చెట్టును మాత్రమే తీశాను. చిత్రం చక్కగానే వచ్చింది కానీ, అది ఏ ఊరి చింతచెట్టైనా కావచ్చుననిపించింది. రెండవసారి బాగా వెనక్కి జరిగి, నీడలో కూర్చున్న రోగుల బంధువులు చిన్నగా, వీపులు మాత్రమే కనిపించేలా తీశాను. ఆ కొమ్మల కింద ఎందరికి చోటుంటుందో అప్పుడు తెలిసింది. ఆసుపత్రిలో బాధలో ఉన్నవారి ముఖాలు తీయకండి. దగ్గరగా తీయవలసివస్తే ముందు అడగండి. ఇందులో నాకు మినహాయింపులు లేవు.

అక్కడినుంచి నయాపూల్ మీదికి నడిచి, కింద పారే మూసీని కూడా ఒక చిత్రం తీయండి. నీరు అంత దిగువ నుంచి కొమ్మలదాకా ఎగసిన సంగతి చెట్టు చిత్రం ఒక్కదానిలో తెలియదు. రెండింటినీ పక్కపక్కన అతికిస్తే చూసేవారికి దానంతటదే అందుతుంది.

ఇక మాను దగ్గరికి వెళ్ళండి. చింత బెరడు ముదురు బూడిదరంగులో, నిలువుగానూ అడ్డంగానూ పగిలి, చిన్నచిన్న పెంకులు పేర్చినట్టుంటుంది. ఉదయం ఏడు గంటల ఎండ పక్కనుంచి పడినప్పుడు ఒక్కొక్క పగులులో నీడ నిలుస్తుంది. మధ్యాహ్నం అదే బెరడు చదునుగా కనిపిస్తుంది.

ఈ వారం అభ్యాసంగా మీ చెట్టును ఒకే ఉదయం మూడు దూరాల నుంచి తీయండి: మొత్తం చెట్టు, మనిషితో కలిపి మాను, జానెడు బెరడు. మొదటి చిత్రానికి నిలబడిన చోటును దగ్గరలోని స్తంభాన్నో గేటునో గుర్తుగా పెట్టుకొని నోటుపుస్తకంలో రాసుకోండి. కానుగ చిగుళ్ళను ఎదురెండలో తీసే వచ్చే పాఠంలో మళ్ళీ అక్కడే నిలబడాలి.