తీగలు తెగకుండా సి-జి-డి-ఎ-ఇ-జి శ్రుతి: నా అనుభవం

బ్రిటిష్ గిటారిస్ట్ రాబర్ట్ ఫ్రిప్ 1980లలో రూపొందించిన ‘న్యూ స్టాండర్డ్ ట్యూనింగ్’లో లావు తీగ నుంచి సన్న తీగ వరకు సి, జి, డి, ఎ, ఇ, జి అని శ్రుతి చేస్తారు, అంటే లావు వైపు ఐదు తీగల మధ్య ప్రతిచోటా షడ్జ పంచమాల దూరం, చివరి రెండింటి మధ్య మాత్రం షడ్జం నుంచి ‘సాధారణ గాంధారం’ అనే స్వరానికి ఉన్నంత దూరం ఉంటుంది.

12 గేజ్ తీగలున్న (అంటే అన్నిటికన్నా సన్న తీగ మందం 0.012 అంగుళాలు) నా అకూస్టిక్ గిటార్‌ను నేరుగా ఇందులోకి మార్చబోయి, సన్న వైపు నుంచి రెండవ తీగను బి నుంచి ఇ దాకా ఐదు సెమిటోన్లు (పక్కపక్క ఫ్రెట్ల మధ్య ఉండే స్వరభేదం ఒక సెమిటోన్) బిగిస్తూ తెంచుకున్నాను. ఆరవ తీగ నాలుగు సెమిటోన్లు వదులై, గిటార్ మెడపై అడ్డంగా ఉండే లోహపు కమ్మీలకు, అంటే ఫ్రెట్లకు, తగులుతూ గరగరలాడింది. తీగల మందం సరిపోలేదని అప్పుడు గ్రహించాను (చేతికి తగిలిన దెబ్బ కూడా ఇందుకు తోడ్పడింది).

తీగలను విడిగా కొని, రెండవ స్థానంలో మామూలుగా మొదటి తీగగా ఇ పలికే 0.012 అంగుళాల తీగను, మొదటి స్థానంలో 0.010 తీగను, ఆరవ స్థానంలో మరింత లావైన 0.059 తీగను వేశాను. నట్ (మెడ చివర తీగలను ఆనించే పట్టీ) గాడిలో ఇమడక లావు తీగ పైకి నిలిచింది. సన్నని ఆకురాయితో గాడిని కొద్దికొద్దిగా వెడల్పు చేశాను, లోతు మాత్రం పెంచలేదు. తెలిసిన కార్డ్ (కొన్ని స్వరాలను కలిపి మోగించే) పట్లేవీ ఇందులో పనికిరావు, కానీ ఆరవ తీగ ఇప్పుడు ఎక్కడా నొక్కకుండా మీటినా స్పష్టంగా మోగుతోంది.